ఇయర్‌బడ్స్‌లో వినపడని సగం మాట

దయ్యాలు, భూతాలు అంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. నమ్మాలన్నా మనిషికి కాస్త తీరిక ఉండాలి. పొద్దున మగ్గం గుంతలో కాళ్ళు పెడితే మళ్ళీ మధ్యాహ్నం అన్నానికే బయటికి తీస్తాను. మా వీధిలో ఎవరైనా ఫలానా సందులో తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి నిలబడి ఉందట అని చెబితే, అంత ఖాళీగా ఉంటే మా ఇంటికి రమ్మనండి, తెగిన పోగులు అతికించి పోతుంది అనేదాన్ని.

ఇది కూడా దయ్యం కథేమీ కాదు. చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్స్ సంగతి. జరిగింది జరిగినట్టు చెబుతాను. మీకేమైనా అర్థమైతే మంచిదే.

మాది ధర్మవరం. పట్టుచీరలు నేస్తాం. ఒకప్పుడు ఇంట్లో రెండు మగ్గాలు ఆడేవి. ఒకటి నాది, ఒకటి మా ఆయనది. ఆయనకు మోకాళ్ళు పట్టేసి గుంతలో కూర్చోలేని పరిస్థితి వచ్చాక, పెనుకొండ దగ్గర ఒక ఫ్యాక్టరీ స్టోర్ రూములో పనికి కుదిరాడు. ఆయన మగ్గం గుంతకు పలకలు కప్పేశాం. పొద్దున్నే రైలెక్కి పోతాడు, సాయంత్రానికి వస్తాడు. ఒక్కతే కూతురు లావణ్య, హిందూపురంలో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసుకుంటోంది. పగలంతా ఇంట్లో నేనూ, మగ్గం.

మగ్గం చప్పుడులో ఫోన్ మోగితే వినపడదు. వైరు ఉన్నది పెట్టుకుంటే, పోగును అటూ ఇటూ దాటించే నాడెను ఆడించే చేతికి అడ్డం పడుతుంది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తవని తిట్టి తిట్టి, చివరికి లావణ్యే హిందూపురంలో ఇయర్‌బడ్స్ కొని తెచ్చి నా చెవుల్లో పెట్టింది. ఫోన్ మోగితే చెవి మీద వేలితో తట్టు అమ్మా, అంతే అంది.

అంతే అంటే అంతే అయితే ఇంకేం. మొదటిరోజు నుంచీ శబ్దం తెగి తెగి వచ్చేది. పాట పెట్టుకుంటే, ఆయాసం వచ్చిన మనిషి పాడినట్టు ఆగి ఆగి పాడేది.

వేరేవాళ్ళకైతే అది చిన్న విసుగు. నాకు పనే ఆగిపోయేది. నేతలో చెవే సగం కన్ను. చప్పుడులో ఏమాత్రం తేడా వచ్చినా ఎక్కడో పోగు తెగినట్టు లెక్క. చెయ్యి దానంతటదే ఆగుతుంది, తల దానంతటదే కిందికి వంగుతుంది. చెవిలో పాట తెగినప్పుడల్లా నేను మగ్గం ఆపి, లేని తెగుడు కోసం పడుగంతా వెతికేదాన్ని. తెగింది పాట అని గుర్తొచ్చేసరికి నడుం పట్టేసేది. పుట్టినప్పటి నుంచి మగ్గం పక్కన పెరిగినవాళ్ళకు తప్ప ఈ తిక్క ఇంకెవరికీ ఉండదు.

ఆదివారం లావణ్య వచ్చినప్పుడు ఇయర్‌బడ్స్ పని పట్టింది. ముందు వాటి జాలీ చూసింది. లోపల సన్నగా పట్టు నూగు పేరుకుని ఉంది. మెత్తటి పొడి బ్రష్‌తో దులిపింది. తర్వాత ఫోన్‌లోంచి ఇయర్‌బడ్స్ పేరు తీసేసి మళ్ళీ కొత్తగా కలిపింది. అవి తన ఫోన్‌కు కూడా కలిసి ఉన్నాయట, తను ఇంటికొచ్చినప్పుడల్లా ఇద్దరి మధ్యా ఊగుతున్నాయని దాన్నీ తీసేసింది. బ్యాటరీ మిగిల్చే సెట్టింగ్ ఆపేసింది. అన్నిటికంటే పెద్ద తప్పు నాదేనట. నేను ఫోన్‌ను నా వెనక గోడ గూట్లో పెట్టేదాన్ని. మధ్యలో నా ఒళ్ళు అడ్డం. మనిషి ఒంట్లో ఉండేదంతా నీళ్ళే, ఆ సిగ్నల్ దాటలేదమ్మా అని చెప్పింది. అప్పటినుంచీ ఫోన్‌ను నా కుడిపక్కన, పట్టు చుట్టిన కండెల బుట్టలో పెట్టుకోవడం మొదలుపెట్టాను.

నిజం చెప్పాలంటే అన్నీ బాగైపోయాయి. పాటలు బాగా వచ్చేవి, ప్రవచనాలు బాగా వచ్చేవి, లావణ్య ఫోన్ చేస్తే పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉండేది. మీలో ఎవరికైనా ఈ బాధ ఉంటే పైన చెప్పినవి చేసి చూడండి, పనిచేస్తాయి.

ఒక్క మాట మాత్రం బాగుపడలేదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఫోన్లు తీసి పెట్టుకుంటారు. లోపలికి తీసుకుపోనివ్వరు. అందుకని మా ఆయన ఫోన్ వాళ్ళ చేతికిచ్చే ముందు నాకు చేసేవాడు. రోజూ ఒకే మాట. గేటు దగ్గర ఉన్నా, ఫోన్ ఇచ్చేస్తున్నా, పోయొస్తా. నేను పోయిరా అనేదాన్ని. అంతటితో ఆ రోజుకు మా కాపురం మాటలు అయిపోయినట్టు.

గడప దాటే మనిషి పోతా అనకూడదు, పోయొస్తా అనాలి. మనవైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా అత్త బతికున్నప్పుడు ఎవరైనా మర్చిపోయి పోతాండా అంటే, వీధి మలుపు దాటినా సరే వెనక్కి పిలిచి అనిపించి పంపేది. ఆమె పోయింది గానీ ఆ పట్టింపు నాకు అంటించి పోయింది. నేను దయ్యాలను నమ్మను, ముహూర్తాలు కూడా పెద్దగా చూడను. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం మొండిదాన్ని.

ఇయర్‌బడ్స్ సరిగ్గా ఆ మాటనే తెంపేవి. పోయ్ అని వినపడేది. ఆ తర్వాత రావలసిన వస్తా వినపడేది కాదు.

మొదట్లో ఆయనే సగం మింగుతున్నాడేమో అనుకుని అడిగాను. ఆయన నవ్వాడు. మరుసటి రోజు కావాలని విడమరిచి, పోయి, వస్తా అన్నాడట. నాకు పోయి వినపడింది, మిగతాది లేదు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, వేల మాటలు తెగినప్పుడు పుట్టని కోపం ఈ ఒక్క మాటకు పుట్టింది. ఏ మాట తెంపినా తెంపు, ఆ మాట తెంపుతావా అని ఆ ప్లాస్టిక్ ముక్కలను తిట్టేదాన్ని.

ఇంకొకటి కూడా గమనించాను. శబ్దం తెగితే అన్నీ కలిసి తెగాలి. ఇక్కడ ఆయన వెనక లారీ హారన్ కొడుతుంటే ఆ హారన్ ఆగకుండా వినపడేది. ఎవరో దగ్గేవాళ్ళు, ఆ దగ్గు కూడా వినపడేది. ఆయన మాట ఒక్కటే ఉండేది కాదు.

లావణ్య నమ్మలేదు. నా ఫోన్‌లో మాట్లాడినవి వాటంతటవే రికార్డ్ అవుతాయి. లావణ్య వాటిని తీసి స్పీకర్‌లో పెట్టింది. పోయొస్తా అని పూర్తిగా, గుండ్రంగా వినపడింది. అదే రికార్డింగ్‌ను ఇయర్‌బడ్స్‌లో విన్నాం. చెరొకటి పెట్టుకున్నాం. పోయ్, అంతే. ఇద్దరం విన్నాం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది. స్పీకర్‌లో ఆ మాట ఉంది. నేను ఒక్కదాన్నే కాదు, నా కూతురు కూడా విన్నది.

నేనే ఫోన్ చేసి, సాయంత్రం వస్తా అని అని చూస్తాను అంటూ లావణ్య బయటికి పోయి చేసింది. దాని వస్తా చక్కగా వినపడింది. పక్కింటి లక్ష్మక్కతో అనిపించాం, అదీ వినపడింది.

లావణ్య ఇయర్‌బడ్స్‌ను హిందూపురం తీసుకుపోయి కొన్న అంగడిలోనే చూపించింది. ఆ అంగడాయన కన్నడం, తెలుగు కలిపి మాట్లాడతాడు. రీసెట్ చేశాడు, లైటు మిణుకుమనేదాకా నొక్కిపట్టి మళ్ళీ కలిపాడు. చివరికి ఆ జత తీసుకుని కొత్త జత ఇచ్చాడు. "ఏనమ్మా, మీ నాయన మాట ఒకటే తింటాదా ఇది?" అని లావణ్యను ఆటపట్టించాడట.

కొత్త జత కూడా అదే మాట తిన్నది.

అప్పటికి నేను అలిసిపోయాను. ఇంట్లో వంట, మగ్గం, నీళ్ళు రాని కుళాయి. వీటి మధ్య ఒక మాట కోసం ఎంతని పోరాడతాం. లావణ్య అన్నది, వాటిని తీసేసి ఫోన్ చెవికి పెట్టుకోమ్మా అని. అలాగే చేద్దామనుకున్నాను. పొద్దున ఆ వేళకు చేతులు పట్టు తడిలోనో, పిండిలోనో ఉండేవి. రేపటినుంచి చూద్దాం అనుకుంటూ గడిపేశాను.

ఆ రోజు కూడా మామూలుగానే ఫోన్ వచ్చింది. గేటు దగ్గర ఉన్నానన్నాడు, ఫోన్ ఇచ్చేస్తున్నానన్నాడు. పోయ్ అని వినపడింది. లారీ చప్పుడు. నేను పోయిరా అన్నాను. ఏ తేడా తెలియలేదు. కల రాలేదు, కన్ను అదరలేదు. తర్వాత తలుచుకుని అప్పుడే అనిపించిందని చెప్పేవాళ్ళుంటారు. నాకేమీ అనిపించలేదు.

మధ్యాహ్నం అన్నానికి లేవబోతుంటే తెలియని నంబరు నుంచి ఫోన్. ఆయనతో పనిచేసే మనిషి. స్టోర్ రూములో పడిపోయాడని, పెనుకొండ ఆసుపత్రికి తీసుకుపోతున్నామని చెప్పాడు. ఆ మనిషి గొంతు ఒక్క అక్షరం కూడా తెగలేదు. తెగి ఉంటే బాగుండు అనిపించేంత స్పష్టంగా వినపడింది.

పెనుకొండలో చూసి హిందూపురం తీసుకుపొమ్మన్నారు. నేను పోయేసరికి లావణ్య అక్కడే ఉంది. మెదడులో రక్తం గడ్డకట్టిందని చెప్పారు. ఆ వరండాలో బల్ల మీద కూర్చున్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. ముందు భయం వేసింది, తర్వాత చెప్పలేనంత అలసట వచ్చింది. ఆ అలసట ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మనిషి దక్కాడు. కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనం తప్పాయి. మాట పోయింది.

మనం చెప్పేది ఆయనకు అర్థమవుతుంది. చెప్పాలని కూడా ఉంటుంది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాదు. రైల్లో ఊరూ పేరూ తెలియనివాళ్ళతో కూడా చుట్టరికం కలిపి, పెనుకొండ వచ్చిన సంగతి కూడా మర్చిపోయేంత మాటకారి మా ఆయన. అలాంటి మనిషి మంచం పట్టెను ఎడమచేత్తో కొట్టి నన్ను పిలుస్తుంటే చూడలేకపోయేదాన్ని. మాటలు నేర్పించే మేడమ్ మొహమాటం లేకుండా చెప్పింది. మాట వస్తే మొదటి నెలల్లోనే రావాలి, ఆలస్యమయ్యే కొద్దీ కష్టం అని. మీ గొంతులు వినిపించండి, ఆయన పాత మాటలు ఉంటే అవీ వినిపించండి అని కూడా అంది.

ఇంటికి తెచ్చుకున్నాక ఆయన మంచం ఆయన మగ్గం పక్కనే, పలకలు కప్పిన గుంతను ఆనించి వేశాం. నేను ఇయర్‌బడ్స్ పెట్టుకోవడం మానేశాను. మంచం పట్టె చప్పుడు వినపడాలి కదా. రోజూ ఆ, ఈ అని చిన్నపిల్లవాడికి దిద్దించినట్టు దిద్దించేదాన్ని. చెమటలు పట్టేవి ఆయనకు. జబ్బు పడకముందు నన్ను మే అని పిలిచేవాడు, ఏమే అనే దాంట్లో సగం. ఆ ఒక్క అక్షరం వస్తే చాలు, ఇంకేమీ అడగను అని దేవుడికి చెప్పుకున్నాను. నెలలు గడుస్తున్నాయి, ఏమీ రావడం లేదు.

ఒక ఆదివారం లావణ్యకు ఫోన్‌లోని రికార్డింగులు గుర్తొచ్చాయి. నాయన గొంతు నాయనకే వినిపిద్దాం అంది. ఫోన్ మంచం మీద పెట్టి, స్పీకర్ పెద్దది చేసింది. ఇయర్‌బడ్స్ గూట్లో వాటి డబ్బాలో ఉన్నాయి. బ్లూటూత్ కూడా ఆపేసిందని తర్వాత చూసుకున్నాం.

"గేటు కాడ ఉండా మే. ఫోన్ ఇచ్చేస్తాండా. పోయ్…"

లారీ చప్పుడు. తర్వాత నా గొంతు, పోయిరా అని.

నేనూ లావణ్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. స్పీకర్‌లో ఆ మాట ఉండేది. మేమిద్దరం విన్నాం. లావణ్య ఇంకొక రోజుది పెట్టింది. అదీ అంతే, పోయ్ దగ్గర ఆగింది. మరొకటి పెట్టింది.

"ఫోన్ ఇచ్చేస్తాండా. పోయ్…"

"వస్తా."

అన్నది ఫోన్ కాదు. మంచం మీద ఆయన.

ముద్దగా వచ్చింది గానీ పూర్తి మాట. ఆయన కూడా ఉలిక్కిపడ్డాడు. ఎడమచెయ్యి నోటి మీద పెట్టుకున్నాడు. నేను ఏడ్చేశాను. ఆసుపత్రిలో రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది. లావణ్య ఏడుస్తూనే ఒక్కొక్క రికార్డింగూ పెడుతూ పోయింది. ప్రతిదాంట్లోనూ ఫోన్ పోయ్ దగ్గర ఆగుతుంది, ఆయన అందుకుని వస్తా అంటాడు. ఒక్కటి కూడా తప్పలేదు.

ఆ తర్వాత చాలాకాలం ఆయనకు ఉన్నది ఆ ఒక్క మాటే. నీళ్ళు కావాలా అంటే వస్తా. అన్నంలో ఉప్పు సరిపోయిందా అంటే వస్తా. కోపం వచ్చినా వస్తా. లక్ష్మక్క వచ్చినప్పుడు, "యాడికొస్తావప్పా, ఈడే ఉండావు గదా" అంటే వంకరమూతితో ఆయనా నవ్వాడు. ఒక్కోసారి నాకు విసుగొచ్చి, ఎప్పుడొస్తావో చెప్పి వస్తా అను అని కసిరేదాన్ని. దానికీ వస్తా అనేవాడు.

డాక్టరును అడిగాం. ఇలాంటి జబ్బులో ఒక మాట మిగిలిపోవడం మామూలే, రోజూ అన్న మాట కాబట్టి అదే మిగిలి ఉంటుంది అన్నారు. డాక్టరు చెప్పింది నమ్ముతాను. కానీ రికార్డింగుల్లో ఉన్న మాట ఏమైనట్టు? లావణ్య వాటిని హిందూపురం అంగడాయన దగ్గరికి తీసుకుపోతే కంప్యూటర్‌లో వేసి చూశాడు. ఫైలు పాడు కాలేదు, ఎవరూ కత్తిరించలేదు, లారీ చప్పుడు అతుకు లేకుండా సాగుతోంది, అసలు ఈ మనిషి ఇక్కడ నోరే తెరవనట్టు ఉంది అన్నాడు. ఈసారి ఆటపట్టించలేదట.

కొన్నాళ్ళకు ఒక పొద్దున నేను మగ్గంలో ఉంటే వెనకనుంచి మే అని వినపడింది. చెయ్యి ఆగిపోయింది. అలవాటు కొద్దీ తల పడుగు మీదికి వంగింది, ఏ పోగు తెగిందా అని. మళ్ళీ పిలిచాడు. అప్పుడు తిరిగి చూశాను.

ఆ వారం లావణ్య వచ్చి నాయన చేత మే అనిపించుకుని సంబరపడింది. తర్వాత వంటింట్లో ఒక్కతే కూర్చుని ఫోన్ చెవికి పెట్టుకుని ఏదో విన్నది. నా దగ్గరికి వచ్చి, మెల్లగా అంది. "అమ్మా, గేటు కాడ ఉండా అని వస్తాండాది. మే లేదు."

ఇంక వినొద్దు అన్నాను. ఎందుకమ్మా, చూద్దాం కదా, ఏ మాట వస్తే ఏ మాట పోతుందో తెలుస్తుంది అంది. దానికి చదువుకున్న బుర్ర, లెక్క తేలాలి. నాకు తేలక్కర్లేదు. ఆ ఫోన్‌లో ఉన్నది మా ఆయన పాత గొంతు, వంకర పోని మూతితో మాట్లాడిన గొంతు. అది నాకు ఎంత ముఖ్యమో నాకు తెలుసు. అయినా పోతే పోనీ. ఫోనంతా ఖాళీ అయినా సరే, ఆ మాటలన్నీ ఈ మంచం మీదికి రానీ అనుకున్నాను.

ఇప్పుడు ఇయర్‌బడ్స్‌లో పాటలు ఏ తెగుడూ లేకుండా వస్తున్నాయని లావణ్య అంటుంది. నేను పెట్టుకోను. పొద్దున నేను మగ్గంలోకి దిగే ముందు వాటిని ఆయన చెవుల్లో పెట్టి, ఒక పాత రికార్డింగ్ పెడతాను. లోపల ఏం వినపడుతుందో ఆయనకే తెలియాలి. నేను అడగలేదు, ఆయన చెప్పేంత మాటలు ఇంకా రాలేదు. నీళ్ళు అంటున్నాడు, చాలు అంటున్నాడు. ఇదంతా ఏమిటో, ఎలా జరుగుతోందో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. దీనికి వేరే పేరేదైనా ఉంటే చెప్పండి.

మొన్న కూరగాయలకు సంచి తీసుకుని బయలుదేరుతూ, గడప దగ్గర ఆగి పోయొస్తా అన్నాను. ఎప్పటిలాగే వస్తా అంటాడనుకున్నాను.

"పోయిరా" అన్నాడు.

ఆ రికార్డింగుల్లో ఆ మాట చెప్పేది ఆయన కాదు, నేను. నా గొంతులో అది అక్కడ ఇంకా ఉందో లేదో నేను వినలేదు. బజారుకు పోయి, చేతికందిన కూరగాయలు సంచిలో వేసుకుని, వెంటనే తిరిగొచ్చాను.